కథ మీద రాసే జవాబులో మార్కులు ఎక్కడ పోతాయి

ఒంగోలులో డిగ్రీ చదువుతున్న అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది: "పరీక్షలో మునుపు చదవని చిన్న కథ ఒకటి ఇచ్చి, దాని వస్తువు, ఇతివృత్తం, పాత్రలు, దృష్టికోణం, శిల్పం, అలంకారాలు వివరించమంటున్నారు. నిర్వచనాలన్నీ నోటికి వచ్చు. అయినా పదికి నాలుగైదు దాటడం లేదు. ఎక్కడ తప్పుతున్నాను? ఉపమ, రూపకం, ఉత్ప్రేక్ష కూడా కలిసిపోతున్నాయి."

నిర్వచనాలు నోటికి రావడం మంచిదేనమ్మా, కానీ జవాబంతా అవే ఆక్రమిస్తే పేపరు దిద్దేవారికి కథ చదివిన ఆనవాలే కనిపించదు. "ఈ కథలో పాత్ర చిత్రణ సహజంగా ఉంది, సంభాషణలు పాత్రోచితంగా ఉన్నాయి, ముగింపు ఆలోచింపజేస్తుంది" అన్న మూడు వాక్యాలు ఏ కథకైనా అతుకుతాయి. ఏ కథకైనా అతికే వాక్యం ఈ కథకు జవాబు కాలేదు.

దీనికి విరుగుడు ఒకటే. కథలో ఏ అంశం గురించి రాయాలన్నా ముందు దాన్ని తీసేసి చూడండి, లేదా మార్చి చూడండి. కథకు ఏం నష్టం జరిగిందో అదే మీ జవాబు. ఏ నష్టమూ జరగకపోతే దాని గురించి రాయక్కర్లేదు.

ఊరికే చెబితే గాలిలో మాటలవుతాయి కాబట్టి, ఈ జవాబు కోసమే అల్లిన చిన్న కథ ఇస్తున్నాను. చోటు కందుకూరు పొగాకు వేలం కేంద్రం. పేరు "చీటీ".

వేలం మొదలవడానికి గంట ముందే కోటయ్య తన బేళ్ల పక్కన చేరాడు. ఆరు బేళ్లు. ట్రాక్టరు మీద కప్పిన టార్పాలిన్ పట్ట ఒక మూల చిరిగి ఉందని రాత్రి దారిలో టీకి ఆగినప్పుడు చూశాడు. అప్పటికే చినుకులు ఆగిపోయాయి. చొక్కా జేబులో సుజాత రాసిచ్చిన చీటీ ఉంది. కాలేజీ ఫీజు, హాస్టలు, పుస్తకాలు, కింద గీత, గీత కింద మొత్తం.

కొనేవాళ్లు వరుస వెంబడి వచ్చారు. ఐదు బేళ్లు పోయాయి. ఆరో బేలులో ఒకాయన చెయ్యి దూర్చి ఆకు లాగాడు. ఆకు తడిగుడ్డలా వేళ్లకు చుట్టుకుంది. ఆయన చెయ్యి ప్యాంటుకు తుడుచుకుని పక్క రైతు బేళ్ల దగ్గరికి నడిచాడు. ఆరోది నోబిడ్, ఎవరూ ధర పాడలేదు.

ఫోను మోగింది.

"ఎట్టుండాది నాయనా?"

"బాగుండాదిలేమ్మా. అన్నీ పోయినాయి."

కోటయ్య చీటీ తీశాడు. హాస్టలు అన్న మాట మీద బొటనవేలి గోరుతో అడ్డంగా గీశాడు. కందుకూరు నుంచి ఒంగోలుకు పొద్దున్నే మొదటి బస్సు ఎన్నింటికని పక్కనున్నాయన్ని అడిగాడు.

కథ ఇంతే. ఇప్పుడు విప్పుదాం.

ముందు ఇతివృత్తం. జరిగినవి జరిగిన వరుసలో చెబితే అది కథాసారాంశం. ఒకదానివల్ల ఒకటి ఎలా జరిగిందో చూపితే ఇతివృత్తం. 1927లో ఇంగ్లీషు నవలాకారుడు ఇ. ఎం. ఫార్‌స్టర్ నవల మీద చేసిన ప్రసంగాల్లో ఈ తేడా గట్టిగా చెప్పాడు: రాజు చనిపోయాడు, తర్వాత రాణి చనిపోయింది అంటే కథ, ఆ దుఃఖంతో రాణి చనిపోయింది అంటే ఇతివృత్తం. మన కథలో గొలుసు ఇది: పట్ట చిరిగింది, బేలు తడిసింది, నోబిడ్ పడింది, డబ్బు తగ్గింది, హాస్టలు పోయింది, బస్సు వచ్చింది. పట్ట చిరుగు వాక్యం తీసేయండి. ఆరో బేలు ఎందుకు పోలేదో తెలియదు, అంతా తలరాత అయిపోతుంది. ఆ ఒక్క వాక్యం కారణం చూపుతోంది, రాబోయేదాన్ని ముందే చెవిన వేస్తోంది కూడా. దీన్నే పూర్వసూచన అంటాం. "చినుకులు ఆగిపోయాయి" అన్న వాక్యం ఆ సూచనను వెంటనే కప్పేసింది, గమనించారా? సూచన ఇచ్చి దాన్ని దాచడమే అసలు పనితనం. కొట్టొచ్చినట్టు కనిపిస్తే ముగింపు ముందే తెలిసిపోతుంది, బొత్తిగా కనిపించకపోతే మోసం చేసినట్టుంటుంది.

వస్తువు, అంటే కథ దేని గురించి అన్నది, అక్కడ ఎక్కువమంది ఒక్క మాట రాసి వదిలేస్తారు: "పేదరికం", "రైతు కష్టాలు". అది వస్తువు ఉన్న పేట పేరు మాత్రమే, ఇంటి నంబరు కావాలి. వస్తువును పూర్తి వాక్యంగా రాయండి: "పిల్లల ముందు నిబ్బరంగా కనిపించాలన్న తండ్రి తాపత్రయం, వాళ్లకు తెలియకుండానే వాళ్ల జీవితం మీద నిర్ణయాలు తీసుకుంటుంది." వాక్యం రాశాక కథతో సరిచూసుకోండి. కోటయ్యను మంచి తండ్రి అని మెచ్చుకుని ఊరుకుంటే సగమే చూసినట్టు. హాస్టలు గీత కొట్టేముందు అతను సుజాతను ఒక్క మాట అడగలేదు.

వస్తువుకూ ఇతివృత్తానికీ తేడా తెలియాలంటే కథను మరో చోటికి తరలించి చూడండి. కోటయ్యను కోట మండలం వైపు రొయ్యల గుంట దగ్గర కూర్చోబెట్టండి. అక్కడ ధర కౌంటును బట్టి, అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్నదాన్ని బట్టి పలుకుతుంది. చిరిగిన పట్ట పనికిరాదు, నోబిడ్ ఉండదు, రోగమొచ్చి ముందే పట్టేయాల్సి రావడమో, రొయ్య చిన్నదై కౌంటు పెరగడమో కొత్తగా కల్పించాలి. ఇతివృత్తం మారిపోయింది. అయినా చివర తండ్రి కూతురికి ఫోనులో అబద్ధమే చెబుతాడు. వస్తువు నిలిచింది. కొన్ని పుస్తకాల్లో ఇతివృత్తం అన్న మాటను వస్తువు అన్న అర్థంలోనూ వాడతారు కాబట్టి, జవాబు మొదటి వాక్యంలోనే మీరు ఏ అర్థంలో వాడుతున్నారో చెప్పేయండి. గొడవ ఉండదు.

ఈ తరలింపుతోనే నేపథ్యం జవాబు కూడా దొరుకుతుంది. "నేపథ్యం కందుకూరు వేలం కేంద్రం" అని రాస్తే చిరునామా రాసినట్టే. ఆ చోటు కథలో ఏం చేస్తోందో రాయాలి. అక్కడ ఒక రైతు ఏడాది కష్టం విలువ పరాయివాడి చెయ్యి ఒక్కసారి లోపలికి పోయి బయటికి వచ్చేలోగా తేలిపోతుంది, అదీ పక్క రైతుల కళ్లముందు. కోటయ్యకు బతిమాలే వ్యవధి లేదు, ఏడ్చే చాటు లేదు.

సంఘర్షణ గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే మార్కులు బాగా పోయేది ఇక్కడే. మనిషికీ మనిషికీ, మనిషికీ ప్రకృతికీ, మనిషికీ సమాజానికీ, మనిషికీ తన మనసుకూ అని నాలుగు రకాలు నేర్పిస్తారు. విద్యార్థులు నాలుగింటిలో తోచినదానికి టిక్కు పెట్టేస్తారు. ఈ కథలో వాన ఉంది కాబట్టి ప్రకృతి, కొనేవాళ్లున్నారు కాబట్టి సమాజం అని రాస్తే తప్పని అనలేం, కానీ పైపైన రాసినట్టే. ప్రధాన సంఘర్షణ ఏదో తేల్చాలంటే, పాత్రకు రెండు దారులుండి ఒకటి ఎంచుకున్న చోటు వెతకండి. వాన పడటంలో కోటయ్య ఎంపిక లేదు. నోబిడ్‌లోనూ లేదు. "ఎట్టుండాది నాయనా" అన్నప్పుడు మాత్రం రెండు దారులున్నాయి: నిజం, అబద్ధం. కాబట్టి ప్రధాన సంఘర్షణ మనసులోనిది, కథకు పతాక సన్నివేశం ఫోను సంభాషణ. చాలామంది నోబిడ్‌ను పతాక సన్నివేశంగా రాస్తారు. అది మలుపు. మలుపులో పాత్రకు ఏదో జరుగుతుంది, పతాకంలో పాత్ర ఏదో చేస్తుంది.

ఇక్కడే ఇంకో హెచ్చరిక. ప్రారంభం, ఆరోహణ, పతాకం, అవరోహణ, ముగింపు అని త్రిభుజం బొమ్మ గీసి కథను అందులో కుక్కే అలవాటు ఉంది. ఆ నిర్మాణాన్ని 1863లో జర్మన్ రచయిత గుస్తావ్ ఫ్రైటాగ్ అయిదంకాల నాటకాల కోసం చెప్పాడు. మన నాట్యశాస్త్రంలోని ముఖ, ప్రతిముఖ, గర్భ, విమర్శ, నిర్వహణ సంధులూ రూపకాల కోసం, అంటే నాటకాల కోసం పుట్టినవే. రెండు పేజీల కథలో అవరోహణ ఒక్క వాక్యమే ఉండొచ్చు, అసలు లేకపోవచ్చు. లేనిదాన్ని కల్పించి రాయకండి. "ఈ కథ అవరోహణను కుదించి బస్సు వాకబుతో ఆగిపోయింది, మిగతాది పాఠకుడికి వదిలింది" అంటే అదే మంచి పరిశీలన. ప్రారంభం కూడా అంతే. గురజాడ 1910 నాటి 'దిద్దుబాటు' తలుపు తట్టే పిలుపుతో మొదలవుతుంది, పరిచయాలన్నీ తర్వాతే. మధ్యలోంచి మొదలుపెట్టడం లోపం కాదు. ఏ సమాచారాన్ని వెనక్కి నెట్టారో చూసి, అలా నెట్టడం వల్ల మనకు ఏ ప్రశ్న పుట్టిందో రాయండి.

పాత్ర చిత్రణకు నాలుగు దారులు: పాత్ర చేసే పని, పలికే మాట, ఇతరులు దాని గురించి అనుకునేది, కథకుడే చేసే వ్యాఖ్య. మన కథలో నాలుగోది అసలు లేదు. "పాపం కోటయ్య గుండె చెరువైంది" అన్న వాక్యం చివర చేర్చి చూడండి, కథ ఎంత చప్పబడుతుందో తెలుస్తుంది. గోరు గీత చెప్పినదాన్నే మాటలు మళ్లీ చెప్పాయి కాబట్టి. ఇంకో సంగతి, పెన్ను కాకుండా గోరు. పెన్నుతో కొట్టేస్తే రేపు సుజాత చీటీ చూసి అడుగుతుంది. గోరు గీత వెలుతురులో ఒక పక్కనుంచి చూస్తే తప్ప కనిపించదు. ఇలాంటి చిన్న వివరం పట్టుకున్న జవాబు వెంటనే వేరుగా నిలుస్తుంది. ఒకే గుణంతో నడిచే పాత్రా, నిండు పాత్రా అన్న ప్రశ్నకు ఫార్‌స్టర్ చెప్పిన పరీక్ష వాడండి: మనల్ని నమ్మించేలా ఆశ్చర్యపరచగలిగితే నిండు పాత్ర. ఆకు లాగిన పెద్దమనిషిది ఒకే గుణం. అంతకంటే ఎక్కువ అక్కర్లేదు, అది లోపమూ కాదు.

మాటలతోనే మనిషిని నిలబెట్టడం మన నేల మీద పాత విద్య. 13వ శతాబ్దంలో నెల్లూరు మనుమసిద్ధి కొలువులో ఉన్న తిక్కన, విరాటపర్వం మొదలుకొని పదిహేను పర్వాలు తెనిగిస్తూ సాధించిన గొప్పతనం నాటకీయత అని విమర్శకులు చెప్పడం ఇందుకే. పాత్రలు మాట్లాడుతుంటే కవి పక్కకు తప్పుకుంటాడు. పరీక్షలో పద్యభాగం నుంచి ప్రశ్న వచ్చినా ఈ తీసేసి చూసే పద్ధతే పనికొస్తుంది.

సంభాషణలోని యాస గురించి "మాండలికం వాడి సహజత్వం తెచ్చారు" అన్న వాక్యాన్ని దయచేసి రాయకండి. మార్చి చూడండి: "ఎలా ఉంది నాన్నా?" "బాగుందమ్మా. అన్నీ అమ్ముడయ్యాయి." అర్థం అదే. కానీ "బాగుండాదిలేమ్మా"లోని "లే" ఎగిరిపోయింది. ఆ "లే" మాటను తేలిక చేసి, ఇంక అడగొద్దని తలుపు వేస్తోంది. అబద్ధం జాడంతా ఆ ఒక్క అక్షరంలో ఉంది. రాయాల్సింది అదీ. కథనం వ్యవహారిక భాషలోనూ, మాటలు మాత్రమే యాసలోనూ ఉన్నాయని కూడా గుర్తించండి. కథనం కూడా యాసలో ఉంటే కథకుడు ఆ ఊరివాడే అవుతాడు, అప్పుడు జవాబు మారుతుంది.

దృష్టికోణంలో ఒక గుంట ఉంది. ఇంగ్లీషు పాఠంలో ఫస్ట్ పర్సన్ అంటే నేను. తెలుగు వ్యాకరణంలో నేను ఉత్తమ పురుష, ప్రథమ పురుష అంటే అతను, ఆమె, వాళ్లు. తొందరలో ఫస్ట్‌ను ప్రథమ చేసి జవాబంతా తలకిందులు చేసుకునేవాళ్లు ఏటా ఉంటారు. మన కథ ప్రథమ పురుషలో ఉంది. అందులోనూ అందరి మనసులూ తెలిసిన సర్వసాక్షి కథనం కాదు, కోటయ్యకు తెలిసిన మేరకే ఆగే పరిమిత కథనం. అందుకే ఆకు లాగినాయన పేరు మనకు తెలియదు, ఫోనుకు అవతల సుజాత మొహం ఎలా ఉందో తెలియదు. ఇప్పుడు ఇదే కథను సుజాత నోట చెప్పించండి: "నాయనకు ఫోను చేశాను. అన్నీ పోయినాయన్నాడు." పాఠకుడూ ఆమెతోపాటు సంతోషపడతాడు. పాఠకుడికి తెలిసి పాత్రకు తెలియని విషయం వల్ల పుట్టే నాటకీయ వైరుధ్యం పూర్తిగా పోయింది. దృష్టికోణం ఎందుకు ముఖ్యమో ఈ ఒక్క మార్పుతో నాలుగు వాక్యాల్లో చెప్పేయొచ్చు. "అన్నీ పోయినాయి" అన్న మాటకు రెండర్థాలున్నాయని కూడా చూడండి. సుజాతకు అమ్ముడుపోవడం వినిపించింది. మనకు రెండోది కూడా వినిపించింది. అలంకారం అడిగితే శ్లేష ఇక్కడ ఉంది.

ప్రతీక విషయంలో ఉత్సాహం కొంచెం తగ్గించుకోవాలి. కథలో కనిపించిన ప్రతి వస్తువూ ప్రతీక కాదు. ట్రాక్టరు ట్రాక్టరే. ఒక వస్తువు కథలో కనీసం రెండుసార్లు కనిపించి, రెండోసారికి దాని బరువు మారితే ప్రతీక అనడానికి ఆధారం దొరుకుతుంది. చీటీ మొదట కూతురి లెక్క, చివర తండ్రి దాపరికం. శీర్షిక కూడా అదే కాబట్టి ధైర్యంగా రాయొచ్చు.

ఇక అలంకారాలు. ఉపమకు నాలుగు అంగాలు: ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం. "ఆకు తడిగుడ్డలా వేళ్లకు చుట్టుకుంది": ఆకు ఉపమేయం, తడిగుడ్డ ఉపమానం, చుట్టుకోవడం సమానధర్మం, లా ఉపమావాచకం. నాలుగూ ఉన్నాయి కాబట్టి పూర్ణోపమ. ఒక్కటి లేకున్నా లుప్తోపమ. అక్కడితో ఆపకుండా, తడిగుడ్డే ఎందుకు అన్నది రాయండి: పోలిక కోసం దూరం పోలేదు, రాత్రి చినుకుల్ని మళ్లీ గుర్తు చేసింది.

అయితే లా, వలె, లాంటి కనిపించగానే ఉపమ అనేయకూడదు. "సుజాతవి వాళ్ల నాయనలాంటి కళ్లు" అన్నది సమాచారం. ఆవులాంటిది గవయం (ఒక అడవి జంతువు) అంటే అలంకారం కాదని లాక్షణికులు, అంటే అలంకారశాస్త్రం రాసినవాళ్లు, ఎప్పుడో తేల్చారు. పోలికలో చమత్కారం ఉండాలి.

మూడూ కలిసిపోతున్నాయన్నారు కదా, ఒకే దృశ్యాన్ని మూడు రకాలుగా రాసుకుంటే విడిపోతాయి. "కంభం చెరువు అద్దంలా మెరుస్తోంది" ఉపమ: రెండు వేర్వేరు వస్తువులు, మధ్యలో పోలిక. "కంభం చెరువు అద్దంలో కొండలు మొహం చూసుకుంటున్నాయి" రూపకం: చెరువే అద్దం, భేదం లేదు, లా లేదు. "ఈ చెరువు కొండలు మొహం చూసుకోడానికి పరుచుకున్న అద్దమో ఏమో!" ఉత్ప్రేక్ష: కవికి అది చెరువేనని తెలుసు, అయినా ఇంకోటేమోనని ఊహిస్తున్నాడు. ఏమో, కాబోలు, అన్నట్టు అన్నవి ఊహ జాడలు. పరీక్ష హాల్లో అనుమానమొస్తే ఒకటే ప్రశ్న వేసుకోండి: పోల్చాడా, ఒకటే అన్నాడా, ఊహించాడా?

ఇవి వెతుకుతూ స్వభావోక్తిని దాటిపోతారు. పోలిక ఏమీ లేకుండా ఉన్నదాన్ని ఉన్నట్టు, కళ్లకు కట్టేట్టు చెప్పడం అది. "ఆయన చెయ్యి ప్యాంటుకు తుడుచుకుని పక్క రైతు బేళ్ల దగ్గరికి నడిచాడు" అన్న వాక్యానికి ఏ అలంకారమూ లేదనుకుంటారు. ఆధునిక కథలో ఎక్కువ పని చేసేది ఇదే. నాలుగు పోలికలున్న పేరా కంటే చెయ్యి తుడుచుకున్న ఒక్క వాక్యం గట్టిదని నా అభిప్రాయం.

శబ్దాలంకారాలు త్వరగా చెబుతాను. ఒకే హల్లు పదేపదే వస్తే వృత్త్యనుప్రాస: "గూడూరు గుమ్మంలో గున్నమామిడి గలగలమంది." అర్థభేదమున్న హల్లుల జంట పక్కపక్కనే వస్తే ఛేకానుప్రాస: "కారు కారుచీకట్లో ఆగింది." అదే జంటను దూరం జరిపి "కారు దిగి చూస్తే కారుచీకటి" అంటే యమకం. అర్థం మారకుండా తాత్పర్యం మారితే లాటానుప్రాస: "నిలబెట్టుకున్న మాటే మాట." కథ మీద జవాబులో వీటికి చోటు తక్కువ. వచనంలో అనుకోకుండా పడ్డ అనుప్రాసకు అర్థాలు తీయకండి.

జవాబు రాసే తీరు చెబుతాను. కథను మొదటిసారి పెన్ను పట్టుకోకుండా చదవండి. రెండోసారి మూడే గుర్తులు పెట్టండి: కాలం మారిన చోట, పాత్ర ఎంపిక చేసుకున్న చోట, రెండోసారి కనిపించిన వస్తువు మీద. తర్వాత మొదటి పేరాకూ చివరి పేరాకూ ఏం మారిందో మార్జినులో ఒక్క లైను రాసుకోండి. వస్తువు వాక్యం అందులోంచే వస్తుంది. ఒక్కో అంశానికి మూడు ముక్కలుండాలి: దాని పేరు, కథలోంచి నాలుగైదు మాటల ఆధారం, అది చేసిన పని. మొదటి రెండూ ఒక వాక్యంలో తేల్చి, మూడోదానికి రెండు మూడు వాక్యాలు ఇవ్వండి. మామూలుగా దీనికి తిరగబడి ఉంటుంది.

నమూనా చూడండి. "చీటీ కథలో దృష్టికోణం ప్రథమ పురుష పరిమిత కథనం. 'అన్నీ పోయినాయి' అని కోటయ్య అన్నప్పుడు ఆరో బేలు పోలేదని పాఠకుడికి తెలుసు, సుజాతకు తెలియదు. కథకుడు కోటయ్య పక్కనే ఉండి కూడా అతని బాధను వర్ణించలేదు, గోరు గీతను మాత్రం చూపాడు. దాంతో తండ్రి దాపరికంలో పాఠకుడు కూడా భాగస్వామి అయ్యాడు." నాలుగు వాక్యాలు. ఇందులో దృష్టికోణం నిర్వచనం ఎక్కడా లేదు, కానీ తెలియనివాళ్లు ఇది రాయలేరు.

పది మార్కుల ప్రశ్నకు అన్ని అంశాలూ సమానంగా రాయాలన్న నియమం లేదు. ఆ కథలో బలంగా పనిచేస్తున్న మూడింటిని పట్టుకుని లోతుగా రాయండి, మిగతావి ఒక్కో వాక్యంలో దాటేయండి. ప్రశ్నలోనే "ఈ కింది అయిదు అంశాలు వివరించండి" అని ఉంటే మాత్రం అయిదూ రాయాల్సిందే, అప్పుడు బలహీనమైన అంశం దగ్గర "ఈ కథలో వర్ణన తక్కువ, ఎందుకంటే..." అని ఆ లేమికే కారణం చెప్పండి. రచయితనూ కథకుణ్ణీ కలపకండి. కథ నేను అని మొదలైతే, "రచయిత తన అనుభవం చెప్పారు" అని రాయకుండా "కథకుడు" అనే రాయండి.